పైపు చప్పుడు

పోయిన వారం మనం డ్రైవింగ్ మాస్టారిని ఆయన కారులోనే, పక్క సీట్లో, నోరు తెరుచుకుని నిద్రపోతుండగా వదిలేశాం. పట్టపగలు పదకొండు గంటలకు, నాలుగు రోడ్ల కూడలిలో, ఎర్ర దీపం దగ్గర. స్టీరింగు పట్టుకున్నది నెల రోజులుగా ఆయన దగ్గర బండి నేర్చుకుంటున్న కంటి డాక్టరమ్మ. గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు, లేనివాళ్లకు రెండు ముక్కలు. మాస్టారి ఎడమ కన్ను ఓ పక్క నుంచి చూపు కోల్పోతోందని, దాని పేరు గ్లకోమా అని కనిపెట్టింది ఈ డాక్టరమ్మే. లైసెన్సు పొడిగింపు కాగితం మీద సంతకం కోసం వెళ్లిన మనిషికి, సంతకం ఆపి, కంటి చుక్కల సీసా చేతిలో పెట్టి పంపింది. కంట్లో ఒత్తిడి మూడుసార్లు కొలిచినా మామూలుగానే ఉంది. ఒత్తిడి పెరగకుండానే లోపలి నరం ఎందుకు అరుగుతోందో ఆవిడకు అంతు చిక్కలేదు. ఇలా ఉండగా కూడలిలో మాస్టారి గురక మొదలై, పెద్దదై, ఉన్నట్టుండి ఆగిపోయింది. గురకతో పాటు ఊపిరీ ఆగింది. డాక్టరమ్మ మనసులో లెక్కపెట్టింది. ముప్పై రెండు దగ్గర ఇక పట్టలేక హారన్ గట్టిగా నొక్కింది. మాస్టారు ఉలిక్కిపడి లేచి, "క్లచ్, క్లచ్" అన్నారు.

డ్రైవింగ్ స్కూలుకు అక్కణ్ణుంచి ఎడమవైపు తిరగాలి. డాక్టరమ్మ బండిని కుడివైపు తిప్పింది. అది మాస్టారి ఇంటి దారి.

ఆ వేళకు మాస్టారి భార్య ఇంట్లోనే ఉంది. ఆవిణ్ణి ఆ పేటలో అందరూ బన్నక్క అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి బేకరీకి వెళ్లి, పిండి పిసికి, మొదటి రెండు విడతల రొట్టెలు పొయ్యిలోంచి దించి, పదిన్నరకు ఇల్లు చేరుతుంది. మోచేతుల దాకా పొయ్యి తలుపు తగిలిన వాతలు, జడలో ఎప్పుడూ చిటికెడు పిండి. మధ్యాహ్నం ఓ రెండు గంటలు ఒళ్లు తెలియకుండా పడుకుంటుంది. ఆ నిద్ర జోలికి వస్తే దేవుడికైనా చీవాట్లు తప్పవు.

నడుం వాల్చబోతుంటే బయట కారు ఆగిన చప్పుడైంది. కిటికీలోంచి చూసింది. కారు పైన 'నేర్చుకుంటున్నారు, ఓపిక పట్టండి' అన్న బోర్డు. కారుకీ కాలిబాట అంచుకీ మధ్య రెండు బారల ఖాళీ. ఇంకో రోజైతే మాస్టారు "ఆ సందులో ఇంకో కారు పెట్టుకోవచ్చు, అద్దెకిద్దామా" అని శిష్యురాలి ప్రాణం తీసేవారు. ఇవాళ ఏమీ అనకుండా దిగి, తల వంచుకుని లోపలికి వస్తున్నారు. ఇరవై రెండేళ్లుగా బండి నేర్పుతున్న మనిషి, అంత ఘోరంగా ఆపిన కారును చూసి కూడా నోరు మెదపలేదంటే ఏదో జరిగిందని బన్నక్కకు అర్థమైపోయింది. గబగబా వెళ్లి తలుపు తీసింది.

"ఏమండీ, ఒంట్లో బాగాలేదా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. ఈవిడే, ఎంత చెప్పినా వినకుండా తీసుకొచ్చింది" అన్నారు మాస్టారు కుర్చీలో కూలబడుతూ.

డాక్టరమ్మ కూర్చోలేదు. నలభై ఏళ్లుంటాయి. మనిషి కంట్లో గుండుసూది మొనంత చోట పని చేయగల చేతులు, రివర్స్ గేరు వెయ్యాలంటే మాత్రం వణుకుతాయి. ఆ చేతుల్ని వెనక్కి కట్టుకుని నిలబడింది.

"అక్కా, ఒక్క మాట అడుగుతాను. మాస్టారు నిద్రలో గురక పెడతారా?"

"లేదండీ" అంది బన్నక్క. "పిల్లిలా పడుకుంటారు."

ఆలోచించి చెప్పిన జవాబు కాదది. ఎవరైనా వస్తే కూర్చోండి అన్నంత తేలిగ్గా వచ్చేసింది. పిల్లి కూడా ఆ జవాబుతో పాటు ఎప్పుడూ వచ్చేదే.

"చెప్పానా?" అన్నారు మాస్టారు, పాఠం ఒప్పజెప్పిన పిల్లవాడిలా మొహం వెలిగించుకుని. "ఆస్పత్రిలో మొదటి రోజే అడిగారు, గురక ఉందా అని. లేదు, కావాలంటే మా ఆవిణ్ణి అడగండి అన్నాను. ఇవాళ ఏదో ఎండకు కునుకు పట్టి ఉంటుంది."

"కునుకు కాదు మాస్టారూ. గురక విన్నాను. తర్వాత అది ఆగడం కూడా విన్నాను. ఊపిరి లేదు. ముప్పై రెండు దాకా లెక్కపెట్టి హారన్ కొట్టాను."

"ముప్పై రెండా?" అంది బన్నక్క. "అంత దాకా ఎలా ఊరుకున్నారండీ? నేనైతే ఇరవై దాటనివ్వను."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అనలేదు. మాట బయటికొచ్చి గది మధ్యలో నిలబడింది. మాస్టారు భార్య వంక చూశారు, డాక్టరమ్మ వంక చూశారు, మళ్లీ భార్య వంక చూశారు. ఆయన శిష్యులకు నేర్పేది అదే, ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్లీ ఎడమ.

"ఇరవై ఏంటి?" అన్నారు.

బన్నక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. చేతులు పొడిగానే ఉన్నాయి.

ఈ అబద్ధం పుట్టి ఇరవై ఏడేళ్లు. పెళ్లయిన నాలుగో రోజు పొద్దున్నే ఆయన మంచం అంచున కూర్చుని, బెదురు బెదురుగా అడిగారు, "నేను గురక పెట్టానా?" అని. ఎందుకడిగారో ఆవిడకు తెలుసు. మామగారి గురక ఆ వంశానికే పేరు తెచ్చిన గురక. రైలు పెట్టెలో ఆయన పక్కన పడ్డవాళ్లు దిగాల్సిన స్టేషను రాకముందే దిగిపోయేవారట. బడిలో పిల్లలు ఈయన్ని చూసి రంపం మిల్లు కొడుకు వచ్చాడు అనేవారట. అత్తగారు ముప్పై ఏళ్లు చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్నారని ఆడపడుచు నవ్వుతూ చెబుతుంటే, ఈయన నవ్వకుండా గదిలోంచి వెళ్లిపోవడం బన్నక్క కళ్లారా చూసింది. అందుకని ఆ రోజు, రాత్రంతా కంటి మీద కునుకు లేక ఎర్రబడ్డ కళ్లతోనే, "గురకా? లేదండీ, పిల్లిలా పడుకుంటారు" అంది. ఆయన మొహంలో అప్పుడు కనిపించిన సంతోషం చూసి, ఈ ఒక్క అబద్ధానికి తను నరకానికి పోయినా ఫరవాలేదనుకుంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలి. ఆవిడ అతికించుకుంటూ వచ్చింది. చుట్టాలింటికి వెళితే ముందుగా ఆడవాళ్లను పక్కకు పిలిచి ఒట్టు వేయించుకునేది. ఒకసారి తమ్ముడు పొద్దున్నే "బావా, రాత్రి ఏం..." అని మొదలుపెడితే, పక్కనే ఉన్న బన్ను అతని నోట్లో కుక్కింది. బావగారు ఇప్పటికీ ఆ మాట ఎలా పూర్తవుతుందో ఎరగరు.

"చెప్పు" అన్నారు మాస్టారు మళ్లీ.

"పెడతారండీ" అంది బన్నక్క. "గురక. పెళ్లయిన మొదటి రాత్రి నుంచీ పెడతారు. మీ నాన్నగారి కన్నా ఎక్కువే."

ఆయన చెవుల కొసలు ఎర్రబడ్డాయి.

"మొదట్లో ఉత్త గురకే. పదకొండేళ్ల కిందట మొదలైంది ఈ ఆగడం. మీకు అప్పుడే కదా పొట్ట వచ్చింది. గురక నడుస్తూ నడుస్తూ టక్కున ఆగేది. మొదటిసారి నేను భయపడి మిమ్మల్ని కుదిపేశాను. ఏమైంది అని లేచారు. పీడకల వచ్చింది నాకు అన్నాను. రోజూ నాకు పీడకలలంటే మీరు నమ్మరు కదా. అందుకే బేకరీలో తెల్లవారుజాము పని ఉందంటే ఒప్పుకున్నాను. తొందరగా లేవాలి, మిమ్మల్ని లేపడం ఎందుకు, పక్క గదిలో పడుకుంటానన్నాను. రెండు మంచాలకీ మధ్య ఒక్క గోడే కదా. నా తలగడ దగ్గరకి అంతా వినిపిస్తుంది. ఆగితే లెక్కపెడతాను. ఇరవై దాటితే గోడ మీద తడతాను."

"దేంతో?" అన్నారు మాస్టారు.

అడగాల్సిన వంద ప్రశ్నల్లో ఆయనకు అదే ఎందుకు తోచిందో తెలియదు. ఆవిడ సిగ్గుపడుతూ చెప్పింది.

"పిండి వత్తే కర్రతో. బేకరీలో పాతది పారేస్తుంటే తెచ్చుకున్నాను. మూడుసార్లు కొడితే మీరు పక్కకి తిరుగుతారు, ఊపిరి అందుకుంటుంది."

మాస్టారు కుర్చీలోంచి లేచారు. తన గదిలోకి వెళ్లారు. బన్నక్క ఆయన వదిలిన కుర్చీలోనే కూర్చుంది.

లోపల ఆయన ఏం చూస్తున్నారో ఆవిడకు తెలుసు. ఆ గోడ అవతల, స్నానాలగది పక్కన, మనిషి ఎత్తున ఒక అతుకు ఉంది. మిగతా గోడ లేత పసుపు, అతుకు తెల్లది. పదకొండేళ్లుగా మాస్టారు పొద్దున్నే లేచి అనే మొదటి మాట "ఈ వెధవ పైపు రాత్రి మళ్లీ కొట్టుకుంది" అని. ప్లంబరు మూడుసార్లు వచ్చాడు. మొదటిసారి చెవి ఆనించి, పైపులో గాలి చేరిందన్నాడు. రెండోసారి కుళాయిలన్నీ మార్చాడు. మూడోసారి గోడే పగలగొట్టి, శుభ్రంగా ఉన్న పైపు తీసేసి కొత్తది వేసి, "ఇక మీ జన్మలో చప్పుడు రాదు" అని వెళ్లాడు. ఆ రాత్రి రెండుసార్లు వచ్చింది. గోడలకు చెవులుంటాయంటారు గానీ, నోరు కూడా ఉండి ఉంటే ఈ గోడ ఎప్పుడో కుండబద్దలు కొట్టేది.

"డాక్టరమ్మా" అంది బన్నక్క గొంతు తగ్గించి. "గురకకీ కంటికీ ఏమిటి సంబంధం? ఆయన కన్ను గురించి కదా మీరు చూస్తున్నది."

డాక్టరమ్మ అప్పుడు స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఊపిరి ఆగిన ప్రతిసారీ రక్తంలో ప్రాణవాయువు పడిపోతుంది అక్కా. మళ్లీ పీల్చగానే లేస్తుంది. రాత్రంతా అలా పడుతూ లేస్తూ ఉంటుంది. కంటి వెనక నరానికి రక్తం తెచ్చే గొట్టాలు చాలా సన్నం. ఆ పస్తులకి అవి తట్టుకోలేకపోవచ్చు. మీ పొయ్యిలో మంట తగ్గుతూ పెరుగుతూ ఉంటే రొట్టె ఏమవుతుంది?"

"పైకి బాగానే కనిపిస్తుంది. కోస్తే లోపల ముద్దగా ఉంటుంది."

"అలాంటిదే. నేను ఒత్తిడి కొలిస్తే అంతా బాగానే కనిపించింది. నరం చూస్తేనేమో అరిగిపోయింది. ఇలా నిద్రలో ఊపిరి ఆగేవాళ్లలో గ్లకోమా కాస్త ఎక్కువగా కనిపిస్తోంది, ఒత్తిడి మామూలుగా ఉన్నవాళ్లలో కూడా. అందుకే మొదటి రోజే గురక గురించి అడిగాను. ఆయన లేదన్నారు, నేను లేదని రాసేసుకున్నాను."

బన్నక్క రెండు అరచేతులూ మోకాళ్ల మీద గట్టిగా నొక్కి పట్టుకుంది. అడగాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది. అడగకుండా ఉండటం ఇంకా కష్టమనిపించింది.

"అయితే ఆయన చూపు పోయింది నావల్లేనా?"

డాక్టరమ్మ వెంటనే కాదనలేదు. కాదని ఉంటే బన్నక్క నమ్మి ఉండేది కాదు. అబద్ధాల సంగతి ఆవిడకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

"ఆ మాట నేను చెప్పలేను అక్కా. ఎవరూ చెప్పలేరు. గురక వల్లే గ్లకోమా వచ్చిందని ఒట్టేసి చెప్పే డాక్టరుంటే ఆయన తొందరపడుతున్నట్టే. రెండూ ఒకే మనిషిలో ఎక్కువగా దొరుకుతున్నాయి, అంతవరకే తెలుసు. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది చాలా ఉంది. దాన్ని కాపాడుకోవాలి. అది మాత్రం మన చేతుల్లో కొంత ఉంది. ఇంకొకటి, ఆయన నోటి మాట విని ఊరుకున్నదాన్ని నేను. పక్కన పడుకునేవాళ్లను అడగాలని చదువుకున్నాను కూడా. మీ వంతు మీరు తీసుకుంటే నా వంతు నేనూ తీసుకోవాలి."

బన్నక్కకు ఏడుపొచ్చింది. ఏడవలేదు. మనసులో మాత్రం ఆ పెళ్లి నాలుగో రోజు పొద్దున్ని మళ్లీ మళ్లీ తిప్పి చూసుకుంది. ఆ రోజు అవునండీ పెడతారు అని ఉంటే ఆయన మూడు రోజులు సిగ్గుపడేవారు, నాలుగో రోజు మరిచిపోయేవారు. మూడు రోజుల సిగ్గును తప్పించబోయి తను ఎంత దూరం వచ్చేసిందో ఇప్పుడు తెలుస్తోంది.

మాస్టారు ఈసారి ఆవిడ గదిలోంచి బయటికొచ్చారు. చేతిలో పిండి కర్ర. ఆవిడ మంచం కింద వెతికి తీసుకొచ్చినట్టున్నారు. ఒక చివర రంగు పోయి, గోడ సున్నం అంటుకుని ఉంది.

"మూడుసార్లు" అన్నారు. "మూడుసార్లు వచ్చాడు ప్లంబరు. వచ్చినప్పుడల్లా టీ పెట్టి ఇచ్చావు, పక్కన రెండు బన్నులు కూడా పెట్టావు. వాడు గోడ పగలగొడుతుంటే దుమ్ము మీద పడుతుందని నా చేత దుప్పటి పట్టించావు."

"ఇంకేం చేయమంటారండీ? మధ్యలో నేనే ఆ పైపుని అంటే బాగుంటుందా?"

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. భుజాలు కదలడం చూస్తే నవ్వాపుకుంటోందని తెలుస్తోంది.

"మరి నాలుగింటి తర్వాత?" అన్నారు మాస్టారు. ఆయన బండి నేర్పే మనిషి. మార్గంలో ఎక్కడ గుంత ఉందో ముందే కనిపెడతారు. "నువ్వు బేకరీకి వెళ్లిపోయాక ఎవరు కొడతారు?"

బన్నక్క తలెత్తలేదు. "ఐదింటికి ఫోను చేస్తాను కదా."

ఆ ఫోను సంగతి ఆయనకు తెలుసు. రోజూ ఐదింటికి వస్తుంది. గ్యాసు కట్టేశానో లేదో చూడండి. వెనక తలుపు గడియ వేశానో లేదో చూడండి. ఇస్త్రీపెట్టె తీగ లాగేశానో లేదో చూడండి. అన్నీ కట్టేసే ఉంటాయి, వేసే ఉంటాయి, లాగేసే ఉంటాయి.

"అంటే నీకు మతిమరుపు లేదా?" అన్నారు మాస్టారు.

"నాకెందుకుంటుంది మతిమరుపు? బేకరీలో నలభై రకాల కొలతలు కాగితం చూడకుండా చెబుతాను."

"పదకొండేళ్ల నుంచి దిగులు పడుతున్నానే నీ గురించి. మెదడు డాక్టరు ఎవరైనా ఉంటే చెప్పమని ఈవిణ్ణి కూడా అడిగాను. కావాలంటే అడుగు."

"అడిగారు" అంది డాక్టరమ్మ కిటికీ దగ్గర్నుంచే. "మూడో గేరు నేర్పిన రోజు. మా ఆవిడ చురుకైందే గానీ తెల్లవారితే అన్నీ మరిచిపోతోంది అన్నారు."

ఇక ఆగలేక ముందు నవ్వింది డాక్టరమ్మే. ఆ తర్వాత మాస్టారు. బన్నక్క నవ్వబోయి, నవ్వు సగంలో ఏడుపైపోయి, ఏడుపు సగంలో మళ్లీ నవ్వైపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు పిండి కర్ర బల్ల మీద పెట్టి, ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నారు. పొట్ట అడ్డం వచ్చి కూర్చోవడానికి కొంచెంసేపు పట్టింది.

"పదకొండేళ్లు" అన్నారు మెల్లగా. "నువ్వు ఎప్పుడు పడుకున్నావే?"

"మధ్యాహ్నం పడుకుంటాను కదండీ."

"రెండు గంటలు."

"చాలు నాకు."

ఆయన ఆవిడ చెయ్యి తీసుకుని, మోచేతి మీది వాతలను వేలితో ఒక్కొక్కటే తడిమారు. కోపం వస్తుందని ఆవిడ ఎంతగానో ఎదురుచూసింది. రాలేదు. అది రాకపోవడం తట్టుకోవడమే ఆవిడకు కష్టమైంది. ఈ మనిషితో ఇంకో ఇరవై ఏడేళ్లు ఉండాలని, ఆయన రెండు కళ్లతో తనను చూస్తూ ఉండాలని, అంతకు మించి తనకేమీ అక్కర్లేదని అనిపించింది.

"నాతో చెప్పి ఉండాల్సింది" అన్నారాయన.

"చెప్పి ఉండాల్సింది" అంది ఆవిడ.

దాని గురించి వాళ్లిద్దరూ అనుకున్నది అంతే. కొన్ని సంసారాల్లో ఇంతకన్నా చిన్న విషయానికి పెద్దమనుషులు కూర్చుంటారు.

డాక్టరమ్మ గొంతు సవరించుకుంది. ఇంటి మనిషి కాస్తా మళ్లీ డాక్టరైంది.

"ఇప్పుడు పని చూద్దాం. మొదటిది, ఈ పరీక్షలన్నీ తేలేదాకా మాస్టారు నేర్పే సీట్లో కూర్చోకూడదు. స్టీరింగు సరే సరి."

"పక్క సీట్లో కూర్చోడానికి కళ్లెందుకమ్మా? నోరుంటే చాలు."

"ఇవాళ ఆ నోరు కూడా పని చేయలేదు మాస్టారూ. నేర్పేవాళ్లకని పెట్టిన బ్రేకు మీ కాలి కిందే ఉంది, మీరేమో నిద్రలో ఉన్నారు. ఎర్ర దీపం కాబట్టి బతికిపోయాం."

పదకొండు మంది శిష్యులు, పై నెల పరీక్షలు, స్కూలు బయట రోజూ తుడిచి నిలబెట్టే కారు, అన్నీ ఆయన మొహంలో ఒకదాని వెంట ఒకటి వెళ్లాయి. చివరికి తల ఊపారు.

"రెండోది, నిద్ర పరీక్ష. ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు. మా దగ్గర నిద్ర సంగతి చూసే డాక్టరుగారున్నారు, చిన్న పెట్టె ఇస్తారు. వేలికి ఒక క్లిప్పు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, ఛాతీకి ఒక పట్టీ. అవి పెట్టుకుని మీ మంచం మీద మీరు పడుకోవడమే. గంటకి ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోంది, ఎంతసేపు ఆగుతోంది, ప్రాణవాయువు ఎంత పడుతోంది, అన్నీ రాసుకుంటుంది. దాన్నిబట్టి రాత్రిపూట ముక్కుకి గాలి పంపే మాస్కు ఇవ్వాలో లేదో చూస్తారు. మాస్కు వల్ల కంటి నరం అరగడం ఆగుతుందని నేను మాట ఇవ్వను. చుక్కలు ఎలాగూ వేసుకోవాలి. కానీ ఈ పగటి నిద్ర తగ్గుతుంది, గుండెకు మంచిది, కంటికీ మేలే జరగవచ్చు. గురువారం రాత్రికి పెట్టె దొరుకుతుంది."

"దొరికితే పెట్టుకుంటాను. అందులో ఏముంది?" అన్నారు మాస్టారు.

"మీకేమీ లేదు. పని అక్కది." డాక్టరమ్మ బల్ల మీది కర్ర వంక చూసి, బన్నక్క వంక తిరిగింది. "గురువారం రాత్రి మీరు గోడ తట్టకూడదు."

బన్నక్కకు మొదట అర్థం కాలేదు.

"తడితే ఆయన తిరుగుతారు, ఊపిరి అందుకుంటుంది, పెట్టెలో అంతా బాగున్నట్టు పడుతుంది. మీరు తట్టినప్పుడు ఎలా ఉంటారో మాకు అక్కర్లేదు అక్కా. తట్టకపోతే ఎలా ఉంటారో తెలియాలి."

"ఇరవై దాటితే?"

"దాటనివ్వండి."

"ముప్పై దాటితే?"

"అప్పుడూ తట్టొద్దు. ఊపిరి మరీ తగ్గితే ఆయన మెదడే లోపల్నుంచి తట్టి లేపుతుంది. రోజూ అది చేస్తూనే ఉంది. మీరు బేకరీలో ఉన్నప్పుడు కూడా అదే చేసింది."

ఆ మాట ధైర్యం చెప్పడానికే అన్నది. ధైర్యం కలిగింది కూడా. కానీ దాని వెనకే ఇంకేదో వచ్చి బన్నక్క గుండెలో గుచ్చుకుంది. పదకొండేళ్లు ఆయన ప్రాణాన్ని గోడకు ఇవతలి నుంచి తనే పట్టుకుని ఉన్నాననుకుంది. ఆ పట్టు అవసరమే లేదంటే సంతోషించాలా, చిన్నబుచ్చుకోవాలా? రెండూ జరిగాయి.

"మాట ఇవ్వండి అక్కా" అంది డాక్టరమ్మ. "ఒక్క రాత్రి."

బన్నక్క నోరు తెరిచింది. అలాగేనండీ అనేస్తే అయిపోతుంది. అలాంటి మాటలు ఆవిడకు కొట్టినపిండి. భర్త మొహం చూసింది. ఆయన నేల మీద కూర్చుని, తల పైకెత్తి, తన జవాబు కోసం చూస్తున్నారు. ఆ చూపు ముందు ఆవిడకు అబద్ధం రాలేదు.

"ఇవ్వలేనండీ" అంది. "ఇస్తానని అంటాను, తీరా ఆ నిశ్శబ్దం వింటే నా చెయ్యి నా మాట వినదు. కర్ర దాచేస్తే పిడికిలితో కొడతాను. నా సంగతి నాకు తెలుసు."

డాక్టరమ్మ మాస్టారి వంక చూసింది. ఆయన కుర్చీ చేయి పట్టుకుని, ఆయాసపడుతూ లేచి నిలబడ్డారు.

"అయితే గురువారం రాత్రి నువ్వు ఈ ఇంట్లో ఉండకు" అన్నారు.

ఇరవై ఏడేళ్ల కాపురంలో ఆయన ఆవిణ్ణి ఇంట్లోంచి వెళ్లమనడం అదే మొదటిసారి. ఆవిడ ఆయన్ని వదిలి ఒక్క రాత్రైనా బయట ఉండాల్సి రావడం కూడా అదే మొదటిసారి.